అది మా కుక్క కాదు

ఈ వారం కుక్కల గురించి మాట్లాడుకుందాం. "రాజులూ యుద్ధాలూ అయిపోయాయా, కుక్కల మీద పడ్డావు?" అని మా ఇంట్లోనే అడిగారు. రాజులు ఎక్కడికీ పోలేదు, మధ్యలో ఒక రాజుగారి కుక్క కూడా వస్తుంది. కానీ ముందు మా ఊరి కుక్క సంగతి చెప్పాలి. ఆ సంగతి నాలో చాలా ఏళ్ళుగా నలుగుతోంది, ఈ ఎపిసోడ్‌కి అసలు కారణం అదే.

మాది తెనాలి వైపు పల్లెటూరు. 1980ల్లో మాట. మా ఇంట్లో టైగర్ అని ఒక కుక్క ఉండేది. 'ఇంట్లో' అంటే అరుగు మీద. రాత్రి మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసి అమ్మ పెట్టేది. పగలు ఊరంతా తిరిగేది, రాత్రి మా వాకిట్లో పడుకుని దారినపోయే సైకిళ్ళ వెంట పడేది. దానికి గొలుసు లేదు, పట్టీ లేదు, టీకా అన్న మాటే మాకు తెలీదు. అయినా పేరు పెట్టి పిలిచేవాళ్ళం, వచ్చేది. వానొస్తే లోపలికి రానిచ్చేవాళ్ళం.

ఒక వేసవిలో ఎదురింటి పిల్లవాణ్ణి కరిచింది. వాడికి తొమ్మిదేళ్ళు, నా ఈడువాడే, నాతో గోళీలాడేవాడు. పిక్క మీద పళ్ళు దిగాయి. వాళ్ళమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చి, "అన్నయ్యగారూ, మీ కుక్క మావాణ్ణి కరిచిందండీ" అంది. మా నాన్న వాలుకుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నారు. తల ఎత్తి, "మా కుక్కేంటమ్మా? అది ఊరకుక్క. ఏదో ఇంత ముద్ద పడేస్తే ఇక్కడ పడుంటోంది. అది మా కుక్క కాదు" అన్నారు. ఆయన అలా అంటున్నప్పుడు టైగర్ ఆ కుర్చీ కిందే ఉంది. తోక ఆడిస్తోంది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. నేనూ ఏమీ అనలేదు.

ఆ పిల్లవాడికి బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు. రోజూ పొద్దున్నే మొదటి బస్సుకి వాళ్ళమ్మ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళేది. ఇక టైగర్‌ని రెండో రోజు రాత్రి మా నాన్న పాలేరు చేత గోనెసంచిలో పెట్టించి కాలవ అవతల ఎక్కడో వదిలించారు. గొడవ తీరిపోయిందనుకున్నాం. ఆ రెండో రోజు చేసిన పని మొదటి రోజు అన్న మాటకంటే ఎంత పెద్ద తప్పో నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. దాని దగ్గరికి వస్తాను.

'ఇది నా కుక్క' అని ఒప్పుకోవడం అంటే ఏమిటి? ఎప్పటి నుంచి మనుషులు ఈ ప్రశ్న అడుగుతున్నారు? వెతికితే జవాబు సుమారు 3,800 ఏళ్ళ వెనక్కి పోతుంది. ఇప్పటి ఇరాక్‌లో ఎష్నున్నా అనే నగరరాజ్యం ఉండేది. హమ్మురాబి శాసనాల పేరు మీరు వినే ఉంటారు, వీళ్ళవి అంతకంటే కాస్త పాతవి. 1940ల్లో బాగ్దాద్ అంచున తవ్వకాల్లో ఆ మట్టి పలకలు దొరికాయి. వాటిలో పిచ్చికుక్క మీద ఒక శాసనం ఉంది. దాని సారం ఇది: ఒకడి కుక్కకు పిచ్చెక్కింది. పేట అధికారులు వచ్చి ఆ సంగతి వాడికి చెప్పారు. అయినా వాడు దాన్ని కట్టడి చెయ్యలేదు. అది ఎవరినో కరిచి, ఆ మనిషి చనిపోతే, కుక్క యజమాని 40 షెకెళ్ళ వెండి కట్టాలి. అంటే మన లెక్కలో సుమారు 330 గ్రాములు. చచ్చినవాడు బానిస అయితే 15 షెకెళ్ళే. ఆ కాలపు న్యాయం అలాంటిది.

ఇందులో నన్ను ఆపేసింది వెండి లెక్క కాదు, 'చెప్పారు' అన్న చిన్న షరతు. కుక్కకు పిచ్చెక్కడం యజమాని తప్పని శాసనం అనడం లేదు. తెలిశాక కట్టెయ్యకపోవడమే తప్పంటోంది. వైరస్ అంటే ఏమిటో తెలియని రోజుల్లో, లాలాజలం సంగతి తెలియని రోజుల్లో, అక్కడిదాకా ఆలోచించారు. ఇవాళ్టి కోర్టుల్లో నిర్లక్ష్యం గురించి వాదించేటప్పుడూ లాయర్లు మొదట అడిగేది 'తెలుసా, తెలియదా' అనే.

మన దేశంలో ఈ జబ్బు గురించి పాత ఆధారం కావాలంటే సుశ్రుత సంహిత ఉంది. విషాల గురించి చెప్పే కల్పస్థానంలో పిచ్చికుక్క కాటు ప్రస్తావన వస్తుంది. నీళ్ళు చూసినా, నీళ్ళ పేరు విన్నా భయపడిపోయే స్థితికి అక్కడ జలత్రాసం అని పేరు. అది వచ్చినవాడు బతకడని కూడా ఉంది. ఇన్ని వందల ఏళ్ళు గడిచినా ఆ మాట దాదాపు అలాగే నిలిచి ఉంది. లక్షణాలు పైకి వచ్చాక రేబీస్ నుంచి బయటపడ్డవాళ్ళు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

ఇప్పుడు రాజుగారి కుక్క. కర్ణాటకలో మండ్య జిల్లా ఆతకూరులో క్రీ.శ. 949-950 నాటి ఒక శిలాశాసనం దొరికింది. రాష్ట్రకూట మూడో కృష్ణుడు తక్కోలం దగ్గర చోళులను ఓడించాడు కదా, ఆ యుద్ధంలో ఆయన పక్షాన పోరాడినవాడు గంగ వంశపు రెండో బూతుగుడు. బూతుగుడి దగ్గర మణలేరుడనే వీరుడు ఉండేవాడు. అతని పరాక్రమానికి మెచ్చి ఏం కావాలో కోరుకోమంటే, ఊళ్ళూ బంగారమూ అడగలేదు. కాళి అనే వేటకుక్కను ఇమ్మన్నాడు. ఆ కాళి తర్వాత ఒక అడవిపందితో పోరాడింది, రెండూ చచ్చిపోయాయి. దాని జ్ఞాపకంగా గుడి ముందర రాయి నిలబెట్టి, పూజ జరగడానికి భూమి దానం చేశారు. రాయి మీద కుక్కా పందీ కలబడుతున్న బొమ్మ చెక్కి ఉంది. ఇప్పుడది బెంగళూరు మ్యూజియంలో ఉంది, వెళ్ళినప్పుడు చూడండి. వెయ్యేళ్ళ కిందట ఒక మనిషి 'ఇది నా కుక్క' అని రాతి మీద చెక్కించుకున్నాడు.

అయితే మణలేరుడిది వేటకుక్క. మన ఊళ్ళలో ఎక్కువ కుక్కల పరిస్థితి టైగర్ లాంటిదే. పది ఇళ్ళవాళ్ళు తలా ఒక ముద్ద పెడతారు, ఎవరివీ కావు. ఈ పద్ధతి వలస ప్రభుత్వానికి అసలు అర్థం కాలేదు. వాళ్ళ లెక్కలో కుక్కకు యజమాని అయినా ఉండాలి, లేదంటే అది చంపదగ్గ దిమ్మరి అయినా కావాలి. మూడో రకం లేదు. 1832లో బొంబాయిలో వీధికుక్కల్ని చంపితే తలకింత అని డబ్బిచ్చారు. తలకింత అంటే ఏమవుతుందో ఊహించవచ్చు. పట్టేవాళ్ళు ఇళ్ళ దగ్గరి కుక్కల్ని కూడా వదల్లేదు. పార్సీలకు కుక్క పవిత్రమైన జంతువు, వాళ్ళ అంత్యక్రియల్లో దానికి చోటుంది. ఆ జూన్‌లో పార్సీలు వీధుల్లోకి వచ్చారు, హిందువులూ ఇతరులూ కలిశారు, దుకాణాలు మూసేశారు, సైన్యం దిగాల్సి వచ్చింది. చరిత్ర పుస్తకాల్లో దీన్ని బొంబాయి కుక్కల అల్లర్లు అంటారు. అప్పటి మన నగరాల్లో ఒక కుక్క ఎవరిదన్నది తేల్చడం ఎంత కష్టమో ఆ ఒక్క సంఘటన చూస్తే తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో వాళ్ళు చేసుకున్నది మాత్రం వేరు. 1796లో అక్కడ కుక్కల మీద పన్ను వేశారు. పార్లమెంటులో దాన్ని ప్రతిపాదించిన జాన్ డెంట్‌కి జనం 'డాగ్ డెంట్' అని పేరు పెట్టేశారు, పాపం జీవితాంతం అదే పేరు. పన్ను వేసింది కుక్కల మీద ప్రేమతో కాదు. తిండిగింజల కరువు రోజులు, ఖజానాకు డబ్బు కావాలి. కానీ పన్ను కట్టినవాడి పేరు పుస్తకంలోకి ఎక్కుతుంది కదా. తర్వాత అది లైసెన్సుగా మారింది. 1897లో వాల్టర్ లాంగ్ అనే మంత్రి రేబీస్ ఉన్న జిల్లాల్లో ప్రతి కుక్క మూతికీ చిక్కం తొడగాలని ఆదేశాలిచ్చాడు. ఎడ్ల మూతికి మనం కట్టే చిక్కం ఉంటుందే, అలాంటిది. కుక్కల ప్రేమికులు ఆయన్ని తిట్టని తిట్టు లేదు. కుక్కల రక్షణ సంఘాలు మూతిచిక్కం క్రూరత్వమన్నాయి. ఆయన వెనక్కి తగ్గలేదు. బయటి నుంచి వచ్చే కుక్కల్ని విడిగా ఉంచే నియమం కూడా కలిసింది. 1902 నాటికి బ్రిటన్‌లో రేబీస్ పోయింది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల్లో కొందరు ముచ్చటపడి కుక్కల్ని దొంగచాటుగా తెచ్చుకోవడంతో 1918లో మళ్ళీ వచ్చింది, 1922కి మళ్ళీ తుడిచేశారు. ఇదంతా కుక్కలకు రేబీస్ టీకాలు వాడుకలోకి రాకముందు జరిగింది. ప్రతి కుక్కకూ జవాబు చెప్పే మనిషి దొరికాడు కాబట్టి జరిగింది.

మధ్యలో పాశ్చర్ కథ ఉంది. అందరికీ సగం తెలుసు. 1885 జులై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాడికి మొదటిసారి రేబీస్ టీకా వేయించాడు, వాడు బతికాడు. పాఠాల్లో ఇంతవరకు ఉంటుంది. మిగతా సగం చెప్తాను. రెండు రోజుల ముందు, జులై 4 పొద్దున, ఆల్సేస్ ప్రాంతపు ఒక పల్లెలో ఈ పిల్లవాడు వెళ్తుంటే కుక్క మీద పడింది. ఒంటి మీద 14 గాయాలు. ఆ కుక్కది ఎవరనుకున్నారు? థియోడోర్ వోన్ అనే చిన్న కిరాణా వ్యాపారిది. అదే రోజు అది వోన్ చేతిని కూడా పట్టింది. తన కుక్కను తనే చంపాడు. పొట్ట కోసి చూస్తే గడ్డి, చెక్కముక్కలు ఉన్నాయి. అప్పట్లో పిచ్చికుక్కని నిర్ధారించే పద్ధతి అదే. పారిస్‌లో పాశ్చర్ గుమ్మం ముందు నిలబడింది ముగ్గురు: పిల్లవాడు, వాళ్ళమ్మ, కుక్క యజమాని వోన్. పాశ్చర్ అతని చెయ్యి చూసి, చొక్కా బట్టలోంచి పళ్ళు దిగలేదు కాబట్టి భయం లేదని చెప్పి అదే రోజు ఇంటికి పంపేశాడు. పిల్లవాడికి పది రోజుల్లో 13 సూదులు. పాశ్చర్ వైద్యుడు కాదు కాబట్టి సూది వేసింది గ్రాంషే అనే డాక్టరు.

వోన్ తన భయం కొద్దీ కూడా వచ్చి ఉంటాడు, కాదనను. అయినా నాకు ఈ కథలో పాశ్చర్ కంటే ఆ కిరాణా కొట్టతనే ఎక్కువ గుర్తుంటాడు. తన కుక్క కరిచిన పిల్లవాడితో, ఆ తల్లితో కలిసి పారిస్ దాకా వచ్చాడు. ఎందుకు గుర్తుంటాడో మీకు చెప్పక్కర్లేదు. మా నాన్న ఆ తల్లితో కలిసి మా ఊరి బస్టాండు దాకా కూడా వెళ్ళలేదు.

ఆ టీకా మన దేశానికి ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే బొడ్డు చుట్టూ ఇంజెక్షన్ల కథ అక్కడే ఉంది. మొదట్లో ఇక్కడ కుక్క కరిచిన బ్రిటిష్ సైనికుల్ని ఓడెక్కించి పారిస్ పంపేవాళ్ళు. 1900లో హిమాలయాల్లో కసౌలీలో పాశ్చర్ సంస్థ తెరిచారు. దక్షిణాదివాళ్ళకి అదీ దూరమే. 1902లో లిలీ పాకెన్‌హామ్ వాల్ష్ అనే ఇంగ్లీషు యువతి రేబీస్‌తో చనిపోయింది. టీకా దొరికేది ఎక్కడో ఉత్తరాన కసౌలీలో కావడంతో, దక్షిణాదికీ ఒకటి కావాలన్న మాట గట్టిగా వినిపించింది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా ధనికుడు వైస్రాయి కర్జన్‌కి ఇచ్చిన విరాళంలోంచి లక్ష రూపాయలు కేటాయించారు. 1907 ఏప్రిల్‌లో నీలగిరుల్లో కూనూరు సంస్థ మొదలైంది. ఊటీ వెళ్ళే దారిలో చాలామంది దాని ముందు నుంచే వెళ్ళి ఉంటారు. అంతకు ముందు మన పల్లెల్లో ఎంతమంది ఈ జబ్బుతో పోయారో, ఎవరి చావూ ఒక సంస్థ పుట్టేంత దూరం వినపడలేదు. ఈ మాట అనకుండా ముందుకు పోలేను.

1911లో కసౌలీ సంస్థలో డేవిడ్ సెంపుల్ ఒక మార్పు తెచ్చాడు. గొర్రె మెదడులో పెంచిన వైరస్‌ని ఫినాల్‌తో చంపి టీకా తయారు చేశాడు. దీన్ని సీసాలో పెట్టి జిల్లా ఆసుపత్రికి పంపొచ్చు. రోగి కొండెక్కాల్సిన పని తప్పింది. అందుకే అది దాదాపు శతాబ్దం పాటు మన దేశపు టీకాగా ఉండిపోయింది. ప్రతి రోజూ ఒకటి చొప్పున పొట్ట మీద వేసేవాళ్ళు. గాయాన్ని బట్టి లెక్క మారేది గానీ జనం నోట 14 స్థిరపడింది. నొప్పి, వాపు, జ్వరం. మెదడు కణజాలంతో చేసిన మందు కాబట్టి కొద్దిమందికి పక్షవాతం లాంటి నరాల జబ్బులు కూడా వచ్చేవి. ఇతర దేశాలు మంచి టీకాలకు మారిపోయాక కూడా మనం చవగ్గా వస్తుందని దీన్నే వాడుతూ వచ్చాం. 2004 చివరికి గానీ తయారీ ఆగలేదు. ఇప్పుడు చేతికి నాలుగైదు సూదులతో అయిపోతుంది. గాయం తీవ్రమైతే చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ వేస్తారు. అన్నిటికంటే ముందు గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడగాలి. పసరు, కారం, సున్నం పెట్టకూడదు. ఇప్పటికీ పెడుతున్నారు కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు నేను దాటేసిన మాట. పిచ్చికుక్క లాలాజలంలో వైరస్ ఎప్పుడు ఉంటుంది? జబ్బు లక్షణాలు పైకి కనిపించడానికి కొద్ది రోజుల ముందు నుంచి, అది చచ్చేదాకా. ఇదంతా పది రోజుల లోపలే ముగుస్తుంది. కాబట్టి కరిచిన కుక్కను కట్టేసి, తిండి నీళ్ళు పెడుతూ పది రోజులు చూస్తే చాలు. అది పదో రోజు దాటి ఆరోగ్యంగా ఉందంటే, కరిచిన రోజున దాని నోట్లో రేబీస్ లేనట్టే. కరిచినవెంటనే టీకా మొదలుపెట్టాలి, అందులో వాయిదా లేదు. కానీ కుక్క ఆరోగ్యంగా ఉంటే డాక్టరు మధ్యలో ఆపొచ్చు. ఆ రోజుల్లోనూ ఆసుపత్రిలో మొదట అడిగేది ఇదే: "కుక్క ఉందా? కనిపిస్తోందా?"

మా నాన్న రెండో రోజు రాత్రి దాన్ని కాలవ దాటించారు. ఆ తల్లి ఆసుపత్రిలో ఏం చెప్పగలదు? కుక్క కనపడ్డం లేదు అంది. ఇక 14 పూర్తిగా వెయ్యాల్సిందే. టైగర్‌కి జబ్బు లేదని నా నమ్మకం, కానీ నమ్మకంతో సూదులు ఆపరు. మా నాన్న చెడ్డవాడు కాదు. ఆసుపత్రి ఖర్చు మీద పడుతుందని, పంచాయితీ అవుతుందని భయపడ్డారు. మా వాకిట్లో ఒక గొలుసు, పది రోజుల ఓపిక ఉంటే ఆ పిల్లవాడికి నాలుగైదు సూదులైనా తప్పేవి.

పోనీ చట్టం ఏమంటుంది? 1860 నాటి శిక్షాస్మృతిలోనే 289వ సెక్షన్ ఉంది. తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. కొత్త న్యాయసంహితలో అది 291 అయింది, జరిమానా ఐదు వేలకు పెరిగింది. ఎష్నున్నా శాసనానికి ఇది దూరపు చుట్టమే. అయితే ఇది కుక్క వల్ల మనిషికి జరిగే హాని గురించి. మనిషి వల్ల కుక్కకు జరిగే హాని సంగతి ఇంకో వందేళ్ళకు గానీ దేశమంతటికీ సరిగా రాలేదు. కళాక్షేత్ర స్థాపించిన రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభ సభ్యురాలిగా జంతువుల మీద క్రూరత్వాన్ని ఆపాలని బిల్లు పెట్టారు. నెహ్రూ ప్రభుత్వమే చట్టం తెస్తుందని మాట ఇవ్వడంతో ఆవిడ దాన్ని వెనక్కి తీసుకున్నారు. 1960లో చట్టం వచ్చింది. నాట్యకళాకారిణిగా ఆవిడ పేరు తెలిసినవాళ్ళకి కూడా ఈ సంగతి తెలియదు.

ఆ చట్టం పదకొండో సెక్షన్ చదవండి. మరీ పొట్టి గొలుసుతోనో, మరీ బరువైన గొలుసుతోనో ఎక్కువసేపు కట్టెయ్యడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని తిప్పకపోవడం నేరం, అక్కడ కుక్క అనే ప్రత్యేకంగా రాశారు. తిండి, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం నేరం. సరైన కారణం లేకుండా వదిలేసి పోవడం నేరం. కుక్కను పెంచడానికి కావలసిన కనీస నియమాలు దాదాపు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఇక శిక్ష? మొదటి తప్పుకి 10 రూపాయలకు తగ్గకుండా 50 రూపాయల దాకా జరిమానా. ఇప్పటికీ అంతే. 3,800 ఏళ్ళ కిందట 330 గ్రాముల వెండి కట్టించారని ఇందాక చెప్పాను. రెండు నేరాలూ ఒకటి కాదు, తెలుసు. అయినా పోల్చకుండా ఉండలేకపోయాను.

2001లో కుక్కల సంతాన నియంత్రణ నియమాలు వచ్చాయి. చంపడం బదులు పట్టుకుని ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవికి గుర్తుగా చిన్న కోత పెట్టి ఎక్కడ పట్టారో అక్కడే వదలడం. మద్రాసులో బ్లూ క్రాస్ వాళ్ళు 1960ల నుంచి పట్టుబట్టిన పద్ధతి ఇది. మన హైదరాబాద్‌లో అమల అక్కినేని పెట్టిన బ్లూ క్రాస్ 1992 నుంచి ఉంది. ఆ నియమాల్లో కుక్కలు రెండే రకాలు: పెంపుడువి, వీధివి. పెంపుడు కుక్క టీకా, సంతానం అదుపు, లైసెన్సు పూర్తిగా యజమాని బాధ్యత అని స్పష్టంగా రాశారు. మళ్ళీ అదే, రెండే రకాలు. మా టైగర్ ఏ రకం? 2023లో వచ్చిన కొత్త నియమాల్లో వీధికుక్కకు 'సామాజిక జంతువు' అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు, వాటికి తిండి పెట్టే ఏర్పాటు కాలనీ సంఘాల మీద ఉంచారు. 1832లో బొంబాయివాళ్ళు చెప్పబోయింది 191 ఏళ్ళకి కాగితం మీదికి వచ్చింది. పేరు వచ్చింది గానీ, అలాంటి కుక్క కరిస్తే పది రోజులు ఎవరు చూస్తారన్నది ఇంకా ఎవరికీ తెలీదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కల్ని షెల్టర్లకు తరలించమని ఒకసారి, పదకొండు రోజులకే ఆపరేషనూ టీకా అయ్యాక తిరిగి వదలమని ఇంకోసారి చెప్పాల్సి వచ్చిందంటే ఆ ముడి ఎంత గట్టిదో చూడండి.

జపాన్ సంగతి చెప్పి ముగిస్తాను. యుద్ధం తర్వాత అక్కడ రేబీస్ విపరీతంగా పెరిగింది. 1950లో చట్టం చేశారు. ప్రతి కుక్కనీ నమోదు చేయించాలి, టీకా వేయించాలి, తిరిగే కుక్కల్ని పట్టుకుంటారు. 1957 తర్వాత అక్కడి జంతువుల్లో రేబీస్ లేదు. ఏడేళ్ళు పట్టింది. మన దగ్గర అలా కుదరదంటారు, నిజమే, మన వీధులు వేరు. ఒక ఊళ్ళో వందకు 70 కుక్కలకి టీకా ఉంటే రేబీస్ గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ 70లో ముందుగా చేతికి అందేవి ఇళ్ళలో ఉన్నవే. మూడు నెలల వయసులో మొదటి రేబీస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన ఏటా. అంతకుముందు ఆరో వారం నుంచే పార్వో, డిస్టెంపర్ టీకాలు. పార్వో అయితే 1978కి ముందు ప్రపంచానికి తెలియని జబ్బు. పిల్లుల వైరస్ లాంటిదాన్నుంచి పుట్టి రెండేళ్ళలో ఖండాలన్నీ చుట్టేసింది. రక్తవిరేచనాలతో మూడు నాలుగు రోజుల్లో కుక్కపిల్లలు పోతాయి. ముద్దొచ్చిందని సంతలో కొని, టీకా ఎవరు వేయిస్తార్లే అనుకున్న ఇళ్ళలో ఎక్కువగా పోతాయి. 2003లో హచ్ ప్రకటన వచ్చాక పగ్‌లు కొన్నవాళ్ళలో ఎంతమందికి ఆ చప్పిడి ముక్కుతో అది మన ఎండల్లో ఊపిరాడక అవస్థ పడుతుందని తెలుసు?

నా దగ్గర ఇప్పుడు ఒక కుక్క ఉంది. ఊరకుక్కే, వానలో దొరికింది. దాని టీకా పుస్తకంలో మొదటి పేజీలో యజమాని పేరు అని ఒక గడి ఉంటుంది. ఆ గడి నింపేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

రెండేళ్ళ కిందట మా ఊళ్ళో పెళ్ళికి వెళ్తే ఆ ఎదురింటివాడు కనిపించాడు. ఇప్పుడు వాడికి మనవరాలు ఉంది. భోజనాల దగ్గర పక్కపక్కన కూర్చున్నాం. ఇన్నేళ్ళకి నోరు తెరిచి చెప్పాను, "ఒరేయ్, ఆ టైగర్ మా కుక్కేరా" అని. వాడు నవ్వాడు. "తెలుసులేరా, ఊరందరికీ తెలుసు. మా అమ్మకి తెలీదా ఏంటి?" అన్నాడు. సూదుల గురించి అడిగితే పొట్ట మీద చెయ్యి వేసుకుని, "మా అమ్మ ఆ తర్వాత మూడేళ్ళు నేను నీళ్ళు తాగేటప్పుడల్లా నా మొహంలోకి చూసేది. అది మానలేకపోయింది" అన్నాడు.

కాసేపాగి, "ఇంతకీ ఆ కుక్క బతికిందా?" అని అడిగాడు.

తెలీదన్నాను.

ఉంటాను మరి. వచ్చే వారం కలుద్దాం.